వీసా చెట్టు దగ్గర నాలుగు ప్రదక్షిణలు, ఏడు బకెట్లు

ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో నేను కేటరింగ్ వ్యాన్ నడుపుతాను. పుట్టినరోజులకీ సీమంతాలకీ పులిహోర ట్రేలు, బిర్యానీ ట్రేలు చేరవేయడం నా పని. ఇంటర్ రెండుసార్లు తప్పి, నర్సు ఉద్యోగం చేసే భార్య వెనకాల ఈ దేశం వచ్చినవాణ్ని. ఇంగ్లిషులో రాయలేను, తెలుగులో మొదలుపెడితే ఆపలేను. ఆ రెండో జబ్బు వల్లే ఈ ప్రయాణం చేయాల్సి వచ్చింది. ఉత్తర కాలిఫోర్నియా అడవిలో ఒక రెడ్‌వుడ్ చెట్టు ఉందనీ, దాని చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేస్తే వీసా స్టాంపింగ్ గండం గట్టెక్కుతుందనీ మీకూ వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది. మీలో కొందరు ఇప్పటికే టికెట్లు చూస్తూ ఉంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదివి ఆ తర్వాత బుక్ చేసుకోండి.

మా పక్క అపార్ట్‌మెంట్‌లో మౌనిక ఉంటుంది. కరీంనగర్ అమ్మాయి, చిప్పుల కంపెనీలో టెస్టింగ్ ఇంజినీర్, నా భార్య విజయ చేసే గోంగూర పచ్చడికి శాశ్వత గిరాకీ. జులైలో చెల్లెలి పెళ్లికి వెళ్లాలి. వెళితే అక్కడ స్టాంపింగ్ వేయించుకుని రావాలి, వేయకపోతే ఇక్కడి ఉద్యోగం ఇక్కడే, ఆ పిల్ల అక్కడే. నాలుగేళ్లుగా ఈ భయంతోనే ఇండియా వెళ్లలేదు. ఏప్రిల్‌లో ఒక ఆదివారం మా ఇంటికొచ్చి ఫోన్ నా ముందు పెట్టింది.

"అన్నా, మీరు రెడ్‌వుడ్స్‌కి పోయొచ్చిన్రు కదా. ఈ చెట్టు తెల్సా మీకు?"

ఫోటో చూశాను. ఎడమ మూలన ఒక బొటనవేలు అడ్డం వచ్చింది. వేలికి ప్లాస్టర్ చుట్టి ఉంది. ఆ వేలు నాది. ఉల్లిపాయలు కోస్తూ తెగ్గోసుకున్నది.

సంగతి చెబుతాను. రెండేళ్ల కింద వేసవిలో మా బావమరిది రవితో ఆ అడవికి వెళ్లాను. రవి సాఫ్ట్‌వేర్ మనిషి. ఆ నెలలో వాడి కాగితాలేవో ఇరుక్కుపోయి, మూడువందల అడుగుల చెట్టు కింద నిలబడి కూడా ఫోన్‌లో కేస్ స్టేటస్ రిఫ్రెష్ చేస్తున్నాడు. అలాంటివాణ్ని ఏడిపించకుండా వదిలేయడం నా వల్ల కాని పని. చెట్టు ఫోటో తీసి, "ఇది అమెరికాలో వీసా వృక్షం. పదకొండు చుట్లు తిరిగి కోరుకోండి, పని అయ్యాక నూట ఎనిమిది" అని రాసి, పార్కు పేరూ బాట పేరూ తగిలించి మా ఫ్యామిలీ గ్రూపులో పడేశాను. హైదరాబాద్ పక్కన వీసా దేవుడి గుడిలో ఉన్న లెక్కే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. నా పక్కనే నిలబడ్డ రవికి కూడా రాలేదు. చెప్పులు విప్పి తిరిగాడు. నేను వీడియో తీసుకుని వారం రోజులు నవ్వుకున్నాను. మూడు వారాలకి వాడి కాగితాలు వచ్చేశాయి. ఆ రోజు నుంచి నా చేతిలో ఏమీ లేదు. వాడు "నాకు పనిచేసింది" అని ఆఫీస్ గ్రూపుల్లో పెట్టాడు. క్యారీ అనే ఊళ్లో ఒకాయనకి పనిచేసింది. అరోరాలో ఒకావిడకి పనిచేసింది. పని అవనివాళ్లు గ్రూపులో రాయరు కదా. మౌనిక చేతికి వచ్చేసరికి నా మూడు ముక్కలకి ఇంత తోక పెరిగింది: కాళ్లకి చెప్పులుండకూడదు, బెరడు పగుళ్లలో పసుపు దారం కట్టాలి, ఎవరితోనూ మాట్లాడకూడదు, అయ్యాక ఉడతకి ఒక అరటిపండు పెట్టాలి. ఉడత సంగతి ఎవరు చేర్చారో తెలిస్తే వెళ్లి కాళ్లు మొక్కుతాను, నాకే తట్టలేదు అంత మంచి ఆలోచన.

"తెలుసమ్మా," అన్నాను. 

"అయితే టికెట్స్ బుక్ చేస్తున్న. మీకు, వదినకు కూడా. మీరు దారి చూపిస్తే చాలన్నా."

వంటింట్లోంచి విజయ నన్నే చూస్తోంది. ఆవిడకి మొదటిరోజు నుంచీ తెలుసు. పిల్ల వెళ్లాక చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "చెట్టు కనబడేలోపు మీరే చెప్పండి. లేకపోతే నేను చెప్తాను. నేను చెప్తే ఎలా ఉంటుందో మీకు తెలుసు."

ఆ నెలాఖరులో గురువారం ఉదయం ఆరుంపావు విమానం. ఫీనిక్స్ నుంచి ఓక్లండ్‌కి రెండు గంటలు, మేం ముందుగా కొన్నాం కాబట్టి మనిషికి రానుపోను నూట నలభై డాలర్లయింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగకండి, ఉత్తరానికి వెళ్లడానికి ఊరంతా దాటాల్సి వస్తుంది. ఓక్లండ్‌లో అద్దెకి కార్ తీసుకుని వంతెన దాటితే 101 హైవే, ఇక దాన్ని పట్టుకుని నాలుగున్నర గంటలు పైకి పోవడమే. మొదట ద్రాక్షతోటలు, తర్వాత ఎండిన గడ్డి కొండలు, ఆ తర్వాత రోడ్డు మెలికలు తిరుగుతూ నది పక్కకి చేరుతుంది. వ్యాన్‌లో యాభైమంది భోజనం వెనకేసుకుని ఎన్ని మలుపులైనా తిప్పేవాణ్ని, ఆ రోజు ఖాళీ కార్‌లో కుదురుగా కూర్చోలేకపోయాను. సీటు ముందుకి జరిపాను, వెనక్కి జరిపాను. ఏసీ వేశాను, తీశాను. వెనక సీట్లో మౌనిక ఒళ్లో చిన్న సంచి, అందులో పసుపు దారం ఉండ, అరటిపండు. దారిలో ఆగిన ప్రతిచోటా విజయ నా పక్కకొచ్చి నిలబడి ఒకటే మాట అడిగింది.

"చెప్పారా?"

"భోజనం అయ్యాక."

భోజనం అయింది. విజయ తెచ్చిన పెరుగన్నం, ఆవకాయ, నది పక్క బల్ల మీద. మౌనిక తినలేదు.

"ఉపవాసమా తల్లీ?" అన్నాను.

"అట్ల ఏం లేదన్నా. టెన్షన్‌కు తినబుద్ధయితలేదు. మా చెల్లి రోజు మెసేజ్ పెడ్తది, అక్కా వస్తున్నవా అని. వస్త అని చెప్పి రెండుసార్లు క్యాన్సిల్ చేసిన. ఈసారి చెట్టు కాడికి పోయొచ్చి టికెట్ కొంట అన్న."

 నీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చున్నాను. సాయంత్రానికి 101 పక్కనే ఒక చిన్న ఊళ్లో దిగాం. మోటెల్‌లో రెండు గదులు, గదికి నూట పది డాలర్లు. ఊరి పేరు రాయను. పార్కు పేరు కూడా రాయను. ఒకసారి రాసినందుకే ఇంత దూరం రావాల్సి వచ్చింది.

శుక్రవారం ఎనిమిదింటికి మోటెల్ ఎదురుగా ఉన్న హోటల్లో టిఫిన్. గుడ్లు, బంగాళాదుంపలు, టోస్టు, కాఫీ, మనిషికి పద్నాలుగు. వంటవాడు మీసాలాయన, తనే వండి తనే తెచ్చి పెడతాడు. మౌనిక చెప్పులు చూశాడు, సంచి చూశాడు. ఇక్కడ అందరూ మాట్లాడింది ఇంగ్లిషే, విజయ నాకు చెప్పిన పద్ధతిలోనే రాస్తున్నాను.

"చెట్టు చుట్టూ తిరగడానికా?" అన్నాడు.

"మీకెలా తెలుసు?" అంది విజయ.

"పోయినవారం ఒక కుటుంబం వచ్చి పండ్ల గిన్నెలోంచి ఒక్క అరటిపండు అమ్మమన్నారు. ఎవరికని అడిగితే ఉడతకన్నారు. అక్కడి ఉడతలు ఇప్పుడు బాగా బలిసి పార్కింగ్‌లో కార్లెక్కి కూర్చుంటున్నాయి. పార్కు విజిటర్ సెంటర్‌లో డోనా మండిపడుతోంది. ముందు ఆవిణ్ని కలిసి వెళ్లండి."

చేతిలో టోస్టు పళ్లెంలో పెట్టేశాను. విజయ కాఫీ తాగుతూ నా వంక చూడను కూడా చూడలేదు, అదింకా ఘోరం.

తొమ్మిదింటికి విజిటర్ సెంటర్ తెరిచారు. చెక్క ఇల్లు, లోపల పుస్తకాలు, మ్యాపులు, పిల్లలు తాకి చూడటానికి పెట్టిన చెట్టు దుంగ ముక్క. దాని బెరడు కొబ్బరి పీచులా మెత్తగా ఉంటుంది, నేను కూడా నొక్కి చూశాను. కౌంటర్ వెనక డోనా. డెబ్బై దాటిన మనిషి, చేతికర్ర, మెడలో ఈల. ముప్పై ఏళ్లు స్కూల్ బస్సు నడిపి రిటైరయిందట. నేనూ వ్యాన్ డ్రైవర్నని విజయ చెప్పగానే మలుపుల గురించి పది నిమిషాలు మాట్లాడింది. మౌనిక ఒక కాలు మీద నుంచి ఇంకో కాలు మీదకి మారుతోంది.

"అన్నా, నేను ముందు నడుస్తుంట. మాట్లాడకుండ పోవాలె కదా, మీరు నిమ్మళంగ రండి," అని వెళ్లిపోయింది. ఆపడానికి నోరు తెరిచాను. అదే క్షణాన డోనా నా ముందు ఒక గాజు సీసా పెట్టింది.

జామ్ సీసా. దాన్నిండా పసుపు దారాలు. కొన్ని ముడితోనే ఉన్నాయి, ఒకదానికి చిన్న తమలపాకు తొడిమ. ప్రతి దారానికీ చిన్న కాగితం చీటీ, దాని మీద దొరికిన తారీకు.

"బెరడులోంచి తీసినవి," అంది. "పడేయలేదు. మీవాళ్లకి ఇవి పవిత్రమైనవని అర్థమైంది, వీటిని ఎలా సాగనంపాలో మాకెవరికీ తెలియదు. తప్పు చేస్తామేమోనని దాచాను. మీకు తెలుసా?"

జీవితంలో నన్ను చాలామంది తిట్టారు. మా హెడ్మాస్టరు చెట్టుకి కట్టేసి కొట్టాడు. ఎప్పుడూ చెవులు వేడెక్కలేదు. ఆ సీసా చూశాక వేడెక్కాయి.

డోనా అక్కడితో ఆగలేదు. ఈ అడవి ప్రభుత్వానిదే, చెట్లనీ రోడ్లనీ చూసుకునేది రేంజర్లే. అయితే ఈ పుస్తకాల కొట్టు, అందులో కూర్చునే మనిషి, పిల్లలకిచ్చే చిన్న రేంజర్ పుస్తకాలు, ఆదివారం నడిపించి చూపించేవాళ్లు, చక్రాల కుర్చీ పోయే బాట పక్కన చేత్తో తడిమి చదివే బోర్డులు, ఇవన్నీ ఒక లాభాపేక్ష లేని సంఘం చూసుకుంటుందట. పుస్తకాలూ టోపీలూ అమ్మిన డబ్బు, విరాళాలు, మిగతాది డోనా లాంటి ఊరి పెద్దవాళ్లు జీతం లేకుండా ఆడించే కాళ్లూ నోరూ. అన్నిటికంటే వాళ్లకి ముఖ్యం శుక్రవారం పాఠం. చుట్టుపక్కల బళ్లలో నాలుగో తరగతి పిల్లలకి సంఘమే బస్సు పంపిస్తుంది. "ఇరవై మైళ్ల దూరంలో పుట్టి ఈ చెట్ల కిందకి ఒక్కసారి కూడా రాని పిల్లలుంటారు. మాకు నమ్మబుద్ధి కాలేదు, బస్సు పెట్టాకే తెలిసింది," అంది.

ఆ పాఠం జరిగేది మన వీసా చెట్టు దగ్గర. దాని పక్కన ఎప్పుడో పడిపోయిన ఇంకో చెట్టు ఉంది, పిల్లలు దాని మీద వరసగా కూర్చుంటారు. ఇంత పెద్ద చెట్టుకి లోతుకి పోయే తల్లివేరే లేదట. వేళ్లు మనిషి ఎత్తుకి మించి దిగకుండా పైపైనే చుట్టూ పాకి, పక్క చెట్ల వేళ్లతో పెనవేసుకుని నిలబడతాయి. పైన మెత్తటి ఆకుచెత్త, పులిచింత ఆకులాంటి మూడాకుల మొక్కలు పరుపులా కప్పి ఉంటాయి. రెండేళ్లుగా ఆ పరుపు మీద జనం గుండ్రంగా తిరుగుతున్నారు. మన్ను గట్టిపడి నీళ్లు దిగట్లేదు. బళ్లకి సెలవులివ్వగానే అక్కడ కంచె వేస్తారు, ఆ బాట మూసేస్తారు. అప్పటి నుంచి శుక్రవారం పాఠం పార్కింగ్ పక్కన బల్లల దగ్గర.

"పార్కింగ్‌లో కార్లు కనిపిస్తాయి. పిల్లలు కార్లు రోజూ చూస్తున్నారు," అంది డోనా. "ఇంగ్లిషులో బోర్డు పెట్టాం, స్పానిష్‌లో పెట్టాం. చివరికి మీ భాషలో కూడా పెట్టాం. అయినా ఆగట్లేదు. అసలు అది ఏ దేవుడు? తెలిస్తే ఆయన్నే బతిమాలుకుంటాను."

విజయ నా వైపు తిరిగింది. అప్పుడే బయట బస్సు ఆగింది.

బాట అరమైలు ఉంటుంది, చదునుగా, చెక్కల మీద నడిచినంత సుఖంగా. అలాంటి చోట ఎవరైనా మెల్లగా నడవాలి. తల ఎత్తితే మెడ పట్టేసేంత ఎత్తు చెట్లు, వాటి మధ్య పొగమంచు, ఎక్కడో ఒక్క పిట్ట. నాకు ఇవేమీ ఎక్కలేదు, ముందు పోతే బావుణ్ణు, వెనక్కి పోతే బావుణ్ణు అన్నట్టు కాళ్లు కొట్టుకుంటున్నాయి. ఇరవైమంది పిల్లలు నన్ను దాటి పరుగెత్తారు. టీచరు వెనక లెక్క చూసుకుంటోంది, డోనా కర్రతో మెల్లగా వస్తోంది. మలుపు తిరిగాను. ముందు బోర్డు కనిపించింది. "మీ భాషలో" అన్నది హిందీ. పక్కనే బోర్డు మూలకి ఎవరో కుంకుమ బొట్టు కూడా పెట్టారు.

చెట్టు చుట్టూ బోసిగా ఒక వలయం, మా ఊళ్లో గానుగెద్దు తిరిగిన చోటులా నున్నగా. దాని మీద మౌనిక ఉత్తకాళ్లతో చేతులు జోడించి తిరుగుతోంది, కళ్లు సగం మూసుకుని. ఆమె వెనక పిల్లలు. ఇదేదో పాఠంలో భాగమనుకున్నారు కాబోలు, ముందున్న పిల్ల చెప్పులు విప్పి చేతులు జోడించి మౌనిక వెనకే నడక మొదలుపెట్టింది, దాన్ని చూసి ఇంకోడు, వాణ్ని చూసి ఇంకో ఇద్దరు. నేను చూస్తుండగానే ఇరవైమందీ వరస కట్టారు. పరుపు మిగిలిన చోట కూడా తొక్కుకుంటూ, బుద్ధిగా, ఒక్క మాట లేకుండా తిరుగుతున్నారు. నా జీవితంలో ఇంత బాగా పండిన వేళాకోళం ఇంకోటి లేదు. 

"మౌనికా, ఆగు," అని అరిచాను. "అది నేనే రాశాను. ఆ మెసేజ్. రవిని ఏడిపించడానికి రాశాను. చెట్టులో ఏం లేదు."

ఆమె ఆగింది. వెనక ఇరవైమందీ ఒకరినొకరు గుద్దుకుని ఆగారు. మౌనిక కాలు ఒకటి ఇంకా గాల్లోనే ఉంది, ఆ కాలు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నా వైపు చూసింది.

"మరి రవన్నకు ఎట్లొచ్చింది?"

"వచ్చే టైముకి వచ్చింది."

"నిన్న కార్‌ల చెప్పొచ్చు కదన్నా. నాలుగు గంటలు కూసున్నం."

 ఈలోపు డోనా వచ్చి ఈల ఊదింది. పిల్లలు దిగి దుంగ మీద కూర్చున్నారు. ఏం జరిగిందని ఆవిడ అడిగితే, నాకొచ్చిన ఇంగ్లిషులో నన్ను నేను చూపించుకుని, "నేను. నేను రాశాను. జోక్," అన్నాను. అంతకుమించి నాకు రాదు. మిగతాది విజయ చెప్పింది, ఒక్క పిసరు తగ్గించకుండా, వీడియో తీసుకుని నవ్వుకున్న వారంతో సహా. డోనా కర్ర మీద రెండు చేతులూ పెట్టి విన్నది.

"మీ బావమరిదికి పని అయిందా?" అని అడిగింది.

"అయింది," అన్నాను.

"ఆ సంగతి చెట్టుకి చెప్పకండి. దానికి ఇప్పటికే పని ఎక్కువైంది." ఆవిడ నవ్వలేదు. "మీరు సీసా గురించి జవాబివ్వలేదు. కౌంటర్ దగ్గర అడిగినప్పుడే ఇదంతా చెప్పి ఉంటే ఈ పిల్లలు ఆ వేళ్ల మీద ఎక్కేవాళ్లు కాదు."

ఆ వారం పాఠం ఏమిటంటే, గట్టిపడ్డ నేల మీద ఆకుచెత్త పరచడం. రేంజర్లే ముందు ఆ వలయంలో బాట వైపు అంచున పైమన్ను గుల్ల చేసి పెట్టారు, పార్కింగ్‌లో ఊడ్చిన రెడ్‌వుడ్ ఆకులూ పుల్లలూ ఒక కుప్ప పోసి ఉంచారు. పిల్లలు బకెట్లలో తెచ్చి, బాట మీద నిలబడే అందినంత దూరం జల్లాలి, మీద అడ్డంగా కొమ్మలు వేయాలి. అలా కప్పితే నడిచేవాళ్లకి దారిలా కనబడదు, కింద తడి నిలుస్తుంది. డోనా నాకు పెద్ద బకెట్ ఇచ్చింది, అడగలేదు, ఇచ్చింది. మౌనిక దూరంగా చెప్పులు వేసుకుంటోంది. ఏడుస్తుందేమోనని విజయ దగ్గరికి వెళ్లింది. ఏడవలేదు. కాసేపటికి నా దగ్గరికొచ్చి బకెట్ కోసం చెయ్యి చాపింది.

"నాలుగు తిరిగిన," అంది. "ఏడు బాకీ."

"అమ్మా, చెప్పాను కదా, అదంతా నేను..."

"మీరు చెప్పింది ఇన్నన్నా. గా బకెట్ ఇయ్యిన్రి."

ఏడు బకెట్లు మోసింది. కుప్ప దగ్గరికి అరమైలు, వెనక్కి అరమైలు, ప్రతిసారీ. మధ్యలో ఎవరితోనూ మాట్లాడలేదు. ఇందాక ముందుండి నడిచిన ఆ పిల్ల ఈసారి కూడా వెనకే పడింది, చిన్న బకెట్‌తో. మధ్యాహ్నం పన్నెండున్నరకి పిల్లల బస్సు వెళ్లిపోయినా మౌనిక ఆగలేదు, రెండింటికి ఏడోది జల్లి చేతులు దులుపుకుంది. నేను మూడు బకెట్లకే నడుం పట్టుకుని కూర్చున్నాను. ఇది లెక్కలోకి వస్తుందా అని అడిగాను. "మీకెందుకు?" అంది. నిజం తెలిసినప్పటి నుంచి మౌనిక నాతో అన్న మాటల్లో అదే మెత్తనిది.

తర్వాత విజిటర్ సెంటర్ బల్ల దగ్గర కూర్చోబెట్టి డోనా నా చేతికి కాగితం ఇచ్చింది, తెలుగులో బోర్డు రాయమని. రాయడమంటే నాకు చెయ్యి దురద. "ఈ చెట్టు చుట్టూ తిరిగినవాళ్ల ఫైలు మూడేళ్లు వెనక్కి పోతుంది" అని రాశాను. మనవాళ్లని ఆపడానికి అంతకంటే మందు లేదు, ఇప్పటికీ అదే అంటాను. మౌనిక చదివి కాగితం చింపేసింది.

"గిట్లనే మొదలైంది కదన్నా. ఉన్నది ఉన్నట్టు రాయిన్రి."

ఉన్నది ఉన్నట్టు రాయడం ఇంత కష్టమని నాకు తెలియదు. అయిదు కాగితాలు పాడయ్యాయి. చివరికి తేలింది ఇది: "ఈ చెట్టుకీ వీసాకీ సంబంధం లేదు. ఆ మాట పుట్టించింది నేను, వేళాకోళానికి. దీని వేళ్లు పైపైనే ఉంటాయి, తొక్కితే చెట్టు చిక్కిపోతుంది. ఇక్కడ పిల్లలు చదువుకుంటారు. బాట మీద నిలబడి చూడండి." కింద సంతకం పెట్టమంది డోనా. శ్రీనివాసరావు, చాండ్లర్, అని పెట్టాను. మౌనిక ఒత్తులు దిద్దింది. రేంజర్ వచ్చి విజయతో అర్థం చెప్పించుకుని తలూపాడు. మరి కంచె సంగతి ఏమిటని అడిగాను. కంచె ఆగదు, వేస్తారు. వానలు మొదలయ్యేసరికి నేల చూస్తారు, మూడాకుల మొక్క తిరిగి మొలిస్తే కంచె తీసి దుంగ పిల్లలకి ఇచ్చేస్తారు, మొలవకపోతే బల్లలే. "అది మా చేతుల్లో లేదు," అన్నాడు, "ఎవరెవరు తిరగడం మానేస్తారన్నదాని మీద ఉంది." కంచె ఎంత ఎత్తని అడిగితే మోకాలెత్తు చూపించాడు. మనవాళ్లకి మోకాలెత్తు ఎంత, మీకూ తెలుసు.

తిరుగు ప్రయాణంలో సీసా నా ఒళ్లో ఉంది. దారాలు పారే నీళ్లలో వదలాలని మౌనిక అంటే, ఆ నదిలోకి చేపలు గుడ్లు పెట్టడానికి వస్తాయి, దారం వద్దని డోనా అంది. ఇంటికే తెచ్చాం. ఇప్పుడు నా వ్యాన్‌లో డాష్‌బోర్డు మీద ఉంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా కళ్లు దాని మీదకే పోతాయి. ఒక్కో దారం ఎవరో ఆరేడు గంటలు ప్రయాణం చేసి, ఏదో తల్చుకుని, నా అబద్ధాన్ని నమ్మి కట్టింది. నవ్వించడానికే చేశాననుకుంటూ తిరిగాను ఇన్నాళ్లూ, అంతమందిలో ఒక్కరు కూడా నవ్వలేదు. మౌనిక చెల్లెలి పెళ్లికి మే మొదటివారంలోనే టికెట్ కొంది. స్టాంపింగ్ అవుతుందో లేదో నాకు తెలియదు, చెట్టుకీ తెలియదు. మొన్న గోంగూర పచ్చడి కోసం వచ్చి, గిన్నె తీసుకుని, వదినకి థాంక్స్ చెప్పి వెళ్లింది. నాకు చెప్పలేదు. ఆ సీసాలో మీ దారం ఉంటే చాండ్లర్‌లో ఏ ఫంక్షన్‌కైనా వచ్చి భోజనాల వ్యాన్ దగ్గర అడగండి. చీటీ మీద తారీకు చూసి తీసుకోండి. ఏం కోరుకున్నారని అడగను, తిట్టాలనుంటే తిట్టి తీసుకెళ్లండి.

వెళ్లేవాళ్లకి పనికొచ్చే మాట ఒకటి చెప్పి ఆపుతాను. రెడ్‌వుడ్ పార్కు ఏదైనా సరే, తొమ్మిదింటికల్లా ముందు విజిటర్ సెంటర్‌కి వెళ్లి కౌంటర్‌లో ఉన్న పెద్దమనిషిని ఆ రోజు నడిపించి చూపించేవాళ్లున్నారా అని అడగండి. మేం వెళ్లిన చోట దానికి రూపాయి తీసుకోరు, స్వెటరు మాత్రం ఉండాలి, మేలో కూడా చలే. చెట్టు పేరు వాళ్లు చెప్పకపోతే మీరు అడగకండి. మీ గ్రూపులో ఆ ఫోటో మళ్లీ వస్తే ఎడమ మూలన చూడండి. ప్లాస్టర్ వేసిన బొటనవేలు కనబడితే అది నాదే, అక్కడితో ఆపేయండి.